ఎక్కకుండా రాసిన గుట్ట

తెలుగు రాష్ట్రాల్లో చూడదగిన నలభై జలపాతాలు, కొండదారుల మీద నేనొక పుస్తకం రాశాను. ఆ నలభైలో ఒక్కటి కూడా చూసి రాసింది కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల కోసం మెటీరియల్ రాయడం నా పని. జాగ్రఫీ, చరిత్ర, ప్రభుత్వ పథకాలు, నెలనెలా కరెంట్ అఫైర్స్. నారాయణగూడ సందులో ఉన్న ఒక పబ్లిషర్ వాటిని వేస్తాడు. ముందు గది పుస్తకాల షాపు, వెనక గది డీటీపీ. నాకన్నా పదేళ్లు చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. కొత్త నోటిఫికేషన్లు ఏవీ రాక షాపులో ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఒకసారి నన్ను పిలిపించాడు.

"పరీక్షలు లేకపోతే జనం ఏం జేస్తరన్నా? తిరుగుతరు. మనం తిరిగేటోళ్లకు పుస్తకం ఏద్దాం. జలపాతాలు, గుట్టలు, ట్రెక్కింగు. పేజీకి ఒక జాగ."

"నేను ఎన్నడు యాడికీ పోలే గదా."

"మొఘల్ రాజుల మీద రాసినవ్. ఔరంగజేబును కలిసి రాసినవా?"



మర్నాటి నుంచి చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చున్నాను. కుర్చీలన్నీ గ్రూప్స్‌కు చదివే పిల్లలతో నిండి ఉంటాయి కాబట్టి పాత పేపర్ల దగ్గర ముసలివాళ్లతో పాటు నాకు చోటు దొరికింది. ఏ జలపాతం ఏ నది మీద ఉంది, ఏ జిల్లాలో ఉంది, ఎన్ని అడుగుల ఎత్తు, ఇవి నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అక్కడికి ఎట్లా పోవాలన్నది ఏ పరీక్షలోనూ రాలేదు, అందుకని నాకు తెలియదు. ఆ కొరత ఆదివారం అనుబంధాలు, ఫోన్లో వీడియోలు తీర్చాయి. ఒక కుర్రాడు దారి పొడుగునా పరుగెత్తుతూ తీసిన వీడియో చూసి 'అరగంట నడక' అని రాశాను. అతను అరగంటలో ఎక్కిన మాట అబద్ధం కాదు. వర్ణనలకు 'పాలనురుగు' అన్న మాట బాగా పనికొచ్చింది. ప్రూఫులు చూసేటప్పుడు మా ఆవిడ లెక్కపెట్టి పదకొండుసార్లు వచ్చిందని చెప్పింది. నాలుగు చోట్ల 'ముత్యాల సరాలు' చేశాను.

ఆదిలాబాద్ వైపు ఒక జలపాతం గురించి ఎంత వెతికినా మూడు వాక్యాలకు మించి దొరకలేదు. దాని పేరు ఇక్కడ చెప్పను. నేను పుస్తకంలో వేసిన పేరు కూడా తప్పని తర్వాత తెలిసింది. పేజీ నిండాలి కదా. అదే మండలంలో ఒక గుట్ట గురించి పాత వ్యాసం ఒకటి కనిపించింది. రెండిటినీ కలిపేశాను. గుట్ట ఎక్కి అవతలికి దిగితే జలపాతం. అయినా పేజీ కింద రెండు లైన్లు మిగిలాయి. అప్పుడు, 'అలసినవారి కోసం గుట్ట పైన ఒక చిన్న టీ కొట్టు కూడా ఉంది' అని రాశాను. చిక్కడపల్లిలో పుట్టి పెరిగినవాణ్ణి. టీ దొరకని చోటు ఒకటి ఉంటుందని నిజంగానే నాకు తట్టలేదు.

నా పేరు వద్దన్నాను. 'రచన: సంపాదక వర్గం' అని వేశారు. ఆ వర్గంలో నేను ఒక్కణ్ణే కాబట్టి ఎక్కడా అభిప్రాయభేదాలు రాలేదు. ఎండాకాలానికి పుస్తకం బయటికొచ్చింది, ఏదో కొంత అమ్ముడైంది, నేను దాన్ని మరిచిపోయాను.

మరుసటి ఏడాది జూలైలో ఒక పొద్దున మా ఎదురింటాయన తలుపు కొట్టాడు. మేముండేది అశోక్ నగర్‌లో పాత మూడంతస్తుల అపార్ట్‌మెంట్. రెండో అంతస్తులో మాదీ వాళ్లదీ ఎదురెదురు వాటాలు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఆయన పుట్టింది, చదివింది, పెళ్లిచేసుకుంది అన్నీ ఇక్కడే అయినా మాట మాత్రం అక్కడిదే. నేను పుస్తకాల షాపులో ప్రూఫులు చూస్తానన్నంత వరకే నా ఉద్యోగం గురించి ఆయనకు తెలుసు.

ఆయన చేతిలో నా పుస్తకం ఉంది. సగం పేజీల్లో ఎర్ర పెన్సిల్ గీతలు.

"ఏవండీ, ఇది చూశారా?"

చూశానన్నాను.

"ఫుట్‌పాత్ మీద దొరికిందండీ, చిక్కడపల్లి మార్కెట్ దగ్గర. ఎంత శ్రమపడ్డారో చూడండి మహానుభావులు. నలభై చోట్లు తిరిగారు. ఎక్కడా నేను, నాకు అన్న మాటే లేదు. ఆఖరికి పేరు కూడా వేసుకోలేదు. ఈ రోజుల్లో ఇంత నిరాడంబరత ఉందంటారా?"

"చాలా అరుదండి," అన్నాను. వంటింట్లో మిక్సీ ఆగిపోయింది.

ఆయన ఆ ఆదిలాబాద్ పేజీ తెరిచి పైకి చదివాడు. "'సులువైన ఎక్కుడు. అరగంట నడక. దారంతా చెట్ల నీడ. పెద్దవారు కూడా నిశ్చింతగా వెళ్లవచ్చు.' ఇది మనకోసమే రాసినట్టుందండీ. పైన టీ కూడా దొరుకుతుందట. వానలు బాగా పడ్డాక మనం నలుగురం కారు మాట్లాడుకుని వెళ్దాం. ఏవంటారు?"

ఆలోచించి చెబుతానన్నాను. ఆయన వెళ్లగానే మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"పోయి చెప్పుండ్రి."

"ఎట్ల చెప్పాలె?"

"నోటితోని."

"రేపు చెప్త తియ్."

"పెద్దమనిషి. మీ రాతలు నమ్మి మోకాళ్లు పాడుచేసుకుంటడు. మీకే చుట్టుకుంటది ఆ పాపం."

రేపు చెబుదామనుకున్నవాణ్ణి ఎల్లుండి చెబుదామనుకున్నాను. ఈలోపు ఆయన ఇందిరా పార్కులో నడక మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి పొద్దున్నే మా మెట్లు పై దాకా ఎక్కి దిగి, మళ్లీ ఎక్కి దిగడం వినిపించసాగింది. ఒకరోజు నన్ను మెట్ల మీద ఆపి కొత్త బూట్లు చూపించాడు. ఆయనకొక జత, ఆవిడకొక జత. బూట్లు కొనకముందు అయితే చెప్పగలిగేవాణ్ణేమో. కొన్న తర్వాత అది నావల్ల కాలేదు.

మా ఆవిడతో ఆ మాటే అన్నాను.

"సరే చెప్పకుండ్రి. ఆళ్లను ఒక్కళ్లనే పంపుతరా? మీరు గూడ పోవాలె. నేను గూడ వస్త. మీరు రాసింది మీరే ఎక్కుతుంటే చూడాలె నేను."

సెప్టెంబర్ మొదట్లో ఒక శనివారం బయల్దేరాం. మేమిద్దరం, వాళ్లిద్దరు, కారు నడిపే డ్రైవర్. కామారెడ్డి దగ్గర ఇడ్లీ తిన్నాం. గోదావరి వంతెన దాటుతున్నప్పుడు ఎదురింటాయన కారు పక్కకు ఆపించి, కిందికి దిగి, ఎంత నీరు పోతోందో కంటితోనే అంచనా కట్టి మాకు చెప్పాడు. ఆయన నీటి గురించి మాట్లాడుతుంటే మనిషే వేరుగా ఉన్నాడు. అంతకు ముందు నాలుగేళ్లలో లిఫ్ట్ రిపేరు గురించి తప్ప ఆయన మాట్లాడగా నేను వినలేదు. వాళ్లావిడ ముందు సీట్లో కూర్చుని, దారంతా అవునండీ, కాదండీ తప్ప ఇంకో మాట లేకుండా కిటికీలోంచి చూస్తూ ఉంది.

నిర్మల్ ఘాట్ దాటి, పెద్ద రోడ్డు వదిలి, రెండు వాగుల మీదుగా ఆ పల్లె దగ్గరికి చేరేసరికి పదిన్నరయింది. డ్రైవర్ కారు ఆపి వెనక్కి తిరిగాడు.

"గుట్ట మీదికేనా సార్? పోయిన నెల గూడ ఒక పార్టీని తెచ్చిన. ఆళ్ల తాన గూడ గిదే పుస్తకం ఉండె."

"చూశారా," అన్నాడు ఎదురింటాయన నాతో.

పడమటి వైపు కాలిబాట పట్టమని రాశాను. ఎందుకు పడమర అంటే చెప్పలేను. ఆ రోజు కలంలో అది వచ్చింది. కానీ పడమటి వైపు నిజంగానే ఒక బాట ఉంది. అది చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం పది నిమిషాలుంది.

సులువైన ఎక్కుడు అంటే ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, ఇది మాత్రం కాదు. వానకు తడిసిన రాళ్లు, మధ్యలో జారుడు మట్టి, చేతులు ఆనించి ఎక్కాల్సిన చోట్లు. చెట్ల నీడ అని రాశాను. చెట్లున్నాయి. మోకాలి ఎత్తున ఉన్నాయి. మబ్బు వీడినప్పుడల్లా ఎండ నెత్తిన కొట్టింది. ఎదురింటాయన ముందు, ఆయన వెనక వాళ్లావిడ కుచ్చిళ్లు పైకి దోపుకుని ఒకే వేగంతో, తర్వాత మా ఆవిడ, అందరికన్నా కింద నేను.

అరగంట అయ్యాక ఆయన గడియారం చూశాడు. పైన ఇంకా గుట్ట ఉంది. కింద చూస్తే కారు ఇంకా అగ్గిపెట్టెంత చిన్నది కూడా కాలేదు.

"మనం మరీ నెమ్మదిగా నడుస్తున్నామండీ. రాసినాయన ఎంత దిట్టమైన మనిషో."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను కూర్చున్నాను. అది రెండోసారో మూడోసారో.

నేను కూర్చున్నప్పుడల్లా ఆయన జేబులోంచి పుస్తకం తీసి ఒక వాక్యం చదివేవాడు. నా వాక్యాలు అంత ఎత్తున, అంత ఆయాసంలో వినడం అదే మొదలు. ఒకచోట, "'ఇక్కడి నుంచి కనిపించే దృశ్యం వర్ణనాతీతం,'" అని చదివి ఆగాడు. చుట్టూ పొగమంచు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆయన తల ఊపాడు. "నిజాయితీగల మనిషండీ. వర్ణించలేనన్నాడు, వర్ణించలేదు. ఇంకొకడైతే రెండు పేజీలు కల్పించేవాడు."

"జర నీళ్లు ఇయ్యి," అన్నాను మా ఆవిడతో. సీసా ఇస్తూ చెవి దగ్గర మెల్లగా, "పాలనురుగు ఇంకెంత దూరం?" అంది.

రెండున్నర గంటలు పట్టింది. మొత్తం మీద ఎనిమిదిసార్లు కూర్చున్నాను. ఈ లెక్క నాది కాదు, ఎదురింటాయనది.

గుట్ట పైకి ముందు చేరింది ఆయన భార్య. తర్వాత మా ఆవిడ. ఆమె పైన నిలబడి నా వైపు తిరిగి చూసిన చూపులో వెక్కిరింపు లేదు. అదే నన్ను భయపెట్టింది. చివరి బండ మీదికి పాకి తల ఎత్తాను. నాలుగు గుంజలు పాతి, మీద నీలం తాడిపత్రి పట్టా కట్టి, రాళ్ల పొయ్యి మీద టీ కాస్తూ ఒకామె కూర్చుని ఉంది. ముందర రెండు మొద్దులు, కూర్చోడానికి.

"మీ టీ కొట్టు," అంది మా ఆవిడ.

మనం కల్పించి రాసింది ఎదురుగా కూర్చుని చక్కెర ఎక్కువా తక్కువా అని అడుగుతుంటే సంతోషం కలగదు. పట్టుబడిపోయినట్టుంటుంది.

ఎదురింటాయన మొద్దు మీద తీరిగ్గా కూర్చుని, పుస్తకంలో ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టాడు. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. గ్లాసులు అందిస్తుంటే అడిగాను.

"ఎన్ని రోజులైందమ్మా ఇక్కడ కొట్టు పెట్టి?"

"పోయినేడు వానలప్పుడు పెట్టిన సార్. అంతకు ముందు ఈడ ఏం లేకుండె. నేను కింద మేకలు మేపుకుంట ఉంటుంటి. ఒక ఆయితారం పట్నపోళ్లు నలుగురు వచ్చి టీ కొట్టు ఏది అన్నరు. ఈడ కొట్టేంది సారూ అంటే పుస్తకం తీసి సూపెట్టిండ్రు. మళ్ల ఆయితారం ఇంకిద్దరు. కొట్టు ఎందుకు బంద్ చేసినవని నన్నే కొట్లాడినట్టు అడిగిరి. నాలుగు వారాలు చూసిన. వచ్చినోళ్లందరు గదే అడుగుతుండ్రు. ఇగ నేనే పెట్టిన."

మా ఆవిడ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయింది.

"దారి బాగా కష్టంగా ఉందమ్మా," అన్నాడు ఎదురింటాయన. "మీరు రోజూ ఎలా ఎక్కుతారు?"

"నాకలవాటే. గని ఇది దారి యాడిది సార్? మీ అసుంటోళ్లు నడిచి నడిచి పడ్డది. మాకు నీళ్ల కాడికి పోవాల్నంటే వాగు పొంటి పోతం. రోడ్డు మీదికెళ్లి పావుగంట. చిన్నపిల్లలు గూడ పోతరు. ఈ గుట్ట ఎవలెక్కుతరు, మేకలు తప్ప."

ఇక అయిపోయిందనుకున్నాను. ఒక రకంగా మనసు తేలికపడింది కూడా. ఎదురింటాయన టీ పూర్తిగా తాగి, గ్లాసు పక్కన పెట్టి, చాలాసేపు ఆలోచించాడు.

"అదన్నమాట సంగతి," అన్నాడు చివరికి. "అందరికీ తెలిసిన దారి ఆయనకు తెలియక కాదు. అది రాయలేదంటే కారణం ఉండే ఉంటుందండీ."

కారణం పేజీ నిండకపోవడం. నేను నోరు తెరిచేలోగా టీ కొట్టామె లేచి, మంచు పక్కకు జరిగింది, ఇటు వచ్చి చూడమని పిలిచింది. కొట్టు వెనక బండ మీదికి వెళ్లాం.

అవతల లోయలో జలపాతం కనిపించింది. పాలనురుగూ కాదు, ముత్యాల సరాలూ కాదు. పైన కురిసిన వానకు నీళ్లు ఎర్రగా, మేము అప్పుడే తాగిన టీ రంగులో ఉన్నాయి. అడవి మధ్య నల్లటి రాతి గోడ పగిలి అక్కడి నుంచి మట్టంతా దొర్లిపోతున్నట్టు పడుతోంది. పడ్డది ముందు కనిపిస్తోంది, చప్పుడు తర్వాత వస్తోంది. నాకు దాని ఎత్తు తెలుసు, నది తెలుసు, మండలం తెలుసు. అవేవీ గుర్తు రాలేదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కాలు జారుతుందని అనుకుంటాను.

"కింది నుంచి చూస్తే గింత కనబడదు," అంది టీ కొట్టామె. "మేము గూడ ఇక్కడికెళ్లి ఎన్నడు చూడలే. మీరొస్తున్నరని నేను కొట్టు పెట్టినంక చూసిన."

ఎదురింటాయన రెండు చేతులూ జోడించాడు. జలపాతానికేమో అనుకున్నాను.

"ఆ రాసినాయన ఎక్కడున్నాడో కానీ ఆయనకి దణ్ణం పెట్టాలండీ. కష్టపడి ఎక్కితే తప్ప ఇది దక్కదని తెలుసు ఆయనకి."

ఇక నావల్ల కాలేదు.

"ఆ పుస్తకం రాసింది నేనేనండి," అన్నాను.

ఆయన చేతులు దించి నా వైపు చూశాడు.

"నేనే. లైబ్రరీలో కూర్చుని రాశాను. ఇక్కడికి నేనెప్పుడూ రాలేదు. అరగంట అన్నది ఒక వీడియో చూసి రాశాను. టీ కొట్టు కల్పించాను."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ముందు చిన్నగా, తర్వాత కడుపు పట్టుకుని.

"నిజమే అన్నగారూ," అంది మా ఆవిడ. "ఈయనే రాసిండు. ప్రూఫులు నేను చూసిన."

"ఇద్దరూ కలిశారన్నమాట," అన్నాడు ఆయన కళ్లు తుడుచుకుంటూ. "బాగుంది. కానీ ఏవండీ, మీరు దారిలో ఎనిమిదిసార్లు కూర్చున్నారు. నేను లెక్కపెట్టాను. ముప్పై రెండేళ్లు ప్రాజెక్టుల మీద పనిచేసినవాణ్ణి. సైటుకు వచ్చినవాడెవడో, ఆఫీసులో కూర్చుని రాసినవాడెవడో నాలుగు వాక్యాలు చదివితే చెప్పేస్తాను. ఈ రాసినవాడు సైటుకు వచ్చాడండీ."

జీవితంలో చాలాసార్లు అబద్ధం చెప్పి నమ్మించాను. నిజం చెప్పి నమ్మించలేకపోవడం అదే మొదటిసారి.

అవతలి వైపు దిగుడు అంత నిటారుగా లేదు. టీ కొట్టామె రాళ్లు సర్ది దిగడానికి వీలుగా చేసింది. ఎదురింటాయన, మా ఆవిడ ముందు వెళ్తున్నారు. ఆయన ఆమెకు నీటి వేగం గురించి ఏదో వివరిస్తున్నాడు. వాళ్లావిడ నా కోసం ఆగింది. పొద్దుటి నుంచి నాతో మాట్లాడని మనిషి.

"మీరే రాశారని నాకు తెలుసండీ," అంది.

నేను ఆగిపోయాను.

"పోయినేడు మీ పాత పేపర్లతో పాటు చేత్తో రాసిన కాగితాలు కూడా కింద పెట్టేశారు. మా పనమ్మాయి అరల్లో పరచడానికి తెచ్చింది. మా వంటింట్లో పప్పుల డబ్బాల కింద ఇప్పటికీ ఈ గుట్టే ఉంది. ఆ రాత మీ చేతిదే. గేటు దగ్గర నీళ్ల మోటారు నోటీసులు రాసేది మీరే కదా."

"మరి ఆయనకు చెప్పలేదేమండి? ఇంత కష్టపడి ఎక్కారు."

ఆమె కొంచెంసేపు నడిచింది.

"రిటైరయ్యాక నాలుగేళ్లు ఆయన పొద్దున పదింటి దాకా లేవలేదు. కూరల మార్కెట్టుకు తప్ప ఎవరు పిలిచినా గడప దాటలేదు. ఒక్కోరోజు స్నానం కూడా చేసేవారు కాదు. డాక్టరు దగ్గరికి రమ్మంటే నాకేం రోగం అనేవారు. ఈ పుస్తకం తెచ్చుకున్నాక ఐదింటికి లేస్తున్నారు. ఎవరు రాశారో, ఎలా రాశారో నాకెందుకు? ఇందాక నమ్మలేదు కాబట్టి సరిపోయింది. ఇంకోసారి చెప్పకండి."

చెప్పనన్నాను.

"ఇంకో పుస్తకం రాస్తే మాత్రం," అంది, "చెట్లు కాస్త చూసి రాయండి."

కింద నీళ్ల దగ్గర గంటసేపు ఉన్నాం. తుంపర్లకు నలుగురం తడిసిపోయాం. తిరిగి వచ్చేటప్పుడు వాగు పక్కనుంచి చదునుగా నడిచి పావుగంటలో రోడ్డు ఎక్కాం. డ్రైవర్ కారు అక్కడే పెట్టుకుని పల్లీలు తింటున్నాడు.

"ఈ దారి ఉందని ముందే చెప్పొచ్చు గదయ్యా," అంది మా ఆవిడ.

"మీరు అడగలే మేడం. పుస్తకం ఉన్నోళ్లకు నేనేం చెప్తా?"

హైదరాబాద్ వచ్చిన పదిరోజులకు పబ్లిషర్ ఫోన్ చేశాడు. సంపాదక వర్గానికి ఉత్తరం వచ్చిందట. ఆరు పేజీలు, కింద గీత గీసి సంతకం. ఎదురింటాయన అందులో గుట్ట మీద వంద గజాలకొక చోట ఎంతసేపు పట్టిందో రాసి, వాలు ఎంతుందో లెక్కకట్టి, 'అరగంట అన్నది దృఢకాయులకు మాత్రమే' అని ఒక అధోజ్ఞాపిక చేర్చమని వినయంగా కోరాడు. జవాబు నన్నే రాయమన్నాడు పబ్లిషర్. వర్గం తరఫున రాసి, వెనక గదిలో టైపు చేయించి పంపాను. నాలుగు రోజులకు అది పోస్టులో మా ఎదురింటికి వచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఎంత చక్కని తెలుగో చూడండి," అని నాకు చదివి వినిపించాడు. వాళ్లావిడ గుమ్మంలో నిలబడి వింది.

మూడు నెలల తర్వాత రెండో ముద్రణ వేస్తానన్నాడు పబ్లిషర్. ఆ పేజీ మార్చకుండా వద్దన్నాను. రాయడానికి కూర్చుంటే అప్పుడు తెలిసింది కష్టం. వాగు దారి ఉందని రాస్తే ఇక గుట్ట ఎవరూ ఎక్కరు. అది ఇక్కడ పేజీలో చిన్న దిద్దుబాటు, అక్కడ ఆమెకు బతుకు.

"నిజం రాస్తే ఆమె కొట్టు బంద్ అయితది," అన్నాను మా ఆవిడతో.

"నిజం అంటే ఒక్క వాగు దారేనా? గుట్ట మీదికెళ్లి చూసింది నిజం కాదా?"

అందుకని రెండు దారులూ రాశాను. వాగు పక్కన చదునుగా పావుగంట. గుట్ట మీదుగా రెండున్నర గంటలు, కష్టం, నీడ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కవద్దు. ఎక్కగలిగినవాళ్లకు మాత్రం పైన టీ ఉంటుంది, మంచు విడేదాకా ఆమె దగ్గర కూర్చోండి, నీళ్ల రంగు చూసి నిరాశపడకండి అని రాశాను. పేజీ కింద ఒక్క లైను కూడా మిగల్లేదు.

పబ్లిషర్ చదివి మొహం చిట్లించాడు. "కష్టం అని రాస్తే ఎవరు పోతరన్నా?"

"కష్టం అంటేనే పోరగాళ్లు పోతరు. నువ్వు ఏసి చూడు."

సరేనన్నాడు. మిగతా ముప్పై తొమ్మిది కూడా పోయి చూసి దిద్దుతానంటే ఒప్పుకోలేదు. అప్పటికే ఒక నోటిఫికేషన్ వచ్చింది. షాపు నిండా పిల్లలు, వెనక గదిలో రెండు షిఫ్టులు. నేను మళ్లీ నదులు, ఎత్తుల్లో పడ్డాను. వీలైనప్పుడు ఎదురింటాయనతో పాటు వెళ్తున్నాను. ఇప్పటికి నాలుగు చూశాం. కూర్చోవడం కొంత తగ్గింది.

రెండో ముద్రణ వచ్చిందని తెలిసి ఆయన షాపుకు వెళ్లి కొనుక్కొచ్చాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆ ముఖంలో అంత బాధ నేను అంతకు ముందు చూడలేదు.

"రచయితని మార్చేశారండీ."

"అట్లనా?"

"ఒక్క పేజీ చదివితే తెలిసిపోలా. ఎవడో కొత్తవాడు. కష్టమట, నీడ లేదట, మోకాళ్లట. వాగు పక్కనుంచి పోవచ్చట, గుట్ట ఎక్కే పనే లేదట. వీడు సైటు చూసిన మనిషి కాదండీ. ఆఫీసులో కూర్చుని రాశాడు. పాతాయన ఉంటే ఇలాంటిది రానిచ్చేవాడా?"

మా ఆవిడ గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది.

"కొత్తాయన గూడ పాపం కష్టపడే ఉంటడు," అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. పాతాయనకు ఏమైందో కనుక్కుని చెప్పమన్నాడు, ఆరోగ్యం బాగాలేదేమోనని. కనుక్కుంటానన్నాను. ఆయన తేరుకుని, పాత పుస్తకం బయటికి తీసి, వచ్చే ఆదివారం పోవాల్సిన పేజీ తెరిచి నాకు అందించాడు.